కిమోనో బీరువాలోకి ఎలా వెళ్ళింది? మన పంచె కూడా అటే వెళ్తోందా?



మన క్యాంపస్‌లో ఎవర్ని ఆపి "కిమోనో అంటే ఏంటి?" అని అడిగినా టక్కున చెప్పేస్తారు. యానిమే పుణ్యం! "డీమన్ స్లేయర్"లో తాంజిరో పైన వేసుకునే ఆకుపచ్చ, నలుపు గళ్ళ కోటుని "హవోరి" అంటారని కూడా చెప్తారు. అదే మనిషిని "గోచీ పెట్టి పంచె కట్టడం వచ్చా?", "మచిలీపట్నం కలంకారీకీ, శ్రీకాళహస్తి కలంకారీకీ తేడా ఏంటి?" అని అడిగి చూడండి. ఎక్కువమంది ఫోన్ తీస్తారు.

ఎవర్నీ తిట్టడానికి ఇది రాయట్లేదు. యానిమే చూడొద్దని అసలే చెప్పను. జపాన్ బట్టల కథ పూర్తిగా తెలుసుకుంటే మన బట్టల గురించి ఒక విషయం చాలా క్లియర్‌గా కనిపిస్తుంది. నా పాయింట్ ముందే చెప్పేస్తాను. ఏ బట్టనైనా "ఇది పండగ రోజుకి మాత్రమే" అని దాచిపెడితే, అది మెల్లగా ఒంటిమీంచి బీరువాలోకి, బీరువాలోంచి మ్యూజియంలోకి పోతుంది. కిమోనోకి చాలావరకు అదే జరిగింది. పంచెకి ఇప్పుడు జరుగుతోంది. కాబట్టి మన కాలేజీలో ట్రెడిషనల్ డే చేసే పద్ధతి మారాలి.

ఒకే తానులో ముక్కలు

జపనీస్‌లో "కిరు" అంటే తొడుక్కోవడం, "మోనో" అంటే వస్తువు. కిమోనో అంటే ఒంటికి వేసుకునేది, అంతే. ఒకప్పుడు అక్కడ బట్టలన్నిటికీ అదే మాట. పందొమ్మిదో శతాబ్దంలో ప్యాంటూ కోటూ వచ్చాకే తేడా చెప్పాల్సి వచ్చి, పడమటి బట్టలకి "యోఫుకు" అనీ, సొంత బట్టలకి "వాఫుకు" అనీ పేర్లు పెట్టుకున్నారు. మనకీ అంతే కదా. మా విస్సన్నపేటలో మా తాతయ్య తరంవాళ్ళు ఎవరూ తాము "ఎత్నిక్ వేర్" వేసుకున్నామని అనుకోలేదు. పంచె కట్టుకున్నారు, కండువా వేసుకున్నారు, మామిడి తోటకి వెళ్ళారు. ఒక బట్టకి ప్రత్యేకంగా "సాంప్రదాయ" అనే లేబుల్ పడిందంటే, అది రోజువారీ జీవితంలోంచి ఒక అడుగు బయటికి వేసినట్టే.

ఇంజనీరింగ్ స్టూడెంట్‌గా నాకు బాగా నచ్చింది కిమోనో డిజైన్. ఒక కిమోనోకి కావాల్సిన బట్టని జపనీస్‌లో "తన్" అంటారు. మన "తాను"లా వినిపిస్తుంది, చుట్టరికం మాత్రం లేదు. వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు, పొడవు దాదాపు 12 మీటర్లు. దాన్ని తిన్నని గీతల్లోనే కత్తిరిస్తారు. మొత్తం ఎనిమిది ముక్కలు: ఒంటికి రెండు, చేతులకి రెండు, ముందు అంచులకి రెండు, కాలర్‌కి రెండు. వంపుల కత్తిరింపు లేదు కాబట్టి వేస్ట్ కూడా దాదాపు లేనట్టే. బొత్తాలు లేవు, జిప్ లేదు. నడుముకి "ఒబి" అనే వెడల్పాటి పట్టీ కడతారు. ఆడవాళ్ళ కిమోనో పొడవు ఎక్కువగానే ఉంటుంది, నడుము దగ్గర మడత వేసి ఎత్తుకి తగ్గట్టు సర్దుకుంటారు.

ఇప్పుడు మన పంచె, చీర గుర్తు తెచ్చుకోండి. మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకి వెళ్ళి అసలు కత్తెరే పెట్టలేదు. ఐదున్నర మీటర్ల చీరని నాయనమ్మా కట్టుకోవచ్చు, మనవరాలూ కట్టుకోవచ్చు. స్మాల్, మీడియం, ఎక్స్‌ఎల్ గొడవ లేదు. సైజు బట్టలో ఉండదు, కట్టుకోవడంలో ఉంటుంది.

వాడకంలో కూడా ఇద్దరిదీ ఒకటే బుద్ధి. పాతకాలంలో కిమోనోని ఉతకాలంటే కుట్లు విప్పి, ముక్కల్ని మళ్ళీ తానులా కలిపి, ఉతికి గంజిపెట్టి ఆరేసి, మళ్ళీ కుట్టేవాళ్ళు. చిరిగితే అతుకు మీద అతుకు వేసేవాళ్ళు. అలా అతుకులతో మిగిలిన బట్టల్ని "బోరో" అంటారు. ఇప్పుడవి మ్యూజియంలలో అద్దాల వెనక ఉన్నాయి. మన ఇళ్ళలో బోరో లేదా? ఉంది, దాని పేరు బొంత. పాత చీర చంటిపిల్లకి ఉయ్యాల అవుతుంది, తర్వాత బొంతలో పొర అవుతుంది, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. "జీరో వేస్ట్ ఫ్యాషన్" అని సెమినార్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సబ్జెక్టుని మా నాయనమ్మ సూదీ దారంతో చేసేసింది.

కిమోనో ఫిల్టర్‌తో సెల్ఫీలు దిగే ఫ్రెండ్స్‌కి ఒక వార్నింగ్. కిమోనోలో ఎప్పుడూ ఎడమ వైపు అంచు పైకి రావాలి. క్రీ.శ. 719లో రాజశాసనమే వచ్చింది. కుడి వైపు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవాళ్ళకి. మీ ఫ్రంట్ కెమెరా ఫొటోని అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తే, స్టేటస్‌లో మీరు శవం అలంకారంలో కనిపిస్తారు!

పెడన నుంచి జపాన్ దాకా

ఇప్పుడు అసలు కథ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు మా విస్సన్నపేట, పెడన, మచిలీపట్నం అన్నీ ఒకే కృష్ణా జిల్లా. నూజివీడు, గుడివాడ మీదుగా వెళ్తే ఒక పూట ప్రయాణం. అక్కడి అద్దకం బట్టలు నాలుగు వందల ఏళ్ళ కిందట ఎక్కడెక్కడికి వెళ్ళాయో తెలుసా?

డచ్ వాళ్ళు 1605లో మచిలీపట్నం వచ్చారు, ఆ వెంటనే వర్తక స్థావరం పెట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో తయారయ్యే అద్దకం బట్టలే వాళ్ళకి ముఖ్యమైన సరుకు. 1641 నుంచి జపాన్‌లో డచ్ వ్యాపారం అంతా నాగసాకి దగ్గరున్న దెజిమా అనే చిన్న దీవిలోనే జరిగింది. ఆ దారిలో మన తీరం బట్టలు, గుజరాత్ బట్టలు జపాన్ చేరాయి. వాటిని అక్కడివాళ్ళు "సరస" అన్నారు. కవచం మీద వేసుకునే చేతుల్లేని కోట్లకీ, టీ సెరిమనీలో వాడే పాత్రల సంచులకీ కూడా ఆ బట్ట వాడుకున్నారు. చిన్న ముక్కని కూడా పారేయకుండా పుస్తకాల్లో అతికించి దాచుకున్నారు. 1778లో సరస డిజైన్ల మీద ఒక పుస్తకమే అచ్చయింది. తర్వాత అది చూసి సొంతంగా "వా-సరస", అంటే జపాన్ సరస, తయారుచేసుకున్నారు.

ఎందుకంత క్రేజ్? ఉతికినా పోని రంగు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో బట్టని నానబెట్టడం, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి నలుపు తీయడం, పటికతో ముద్ర వేసి చిరివేరుతో ఎరుపు రప్పించడం. రంగు పోగు పైన కూర్చోదు, పటిక దాన్ని పోగుకే అతికిస్తుంది. ఇది పక్కా కెమిస్ట్రీ. కెమిస్ట్రీ అనే మాట తెలియని రోజుల్లోనే మనవాళ్ళు ప్రాసెస్ స్టాండర్డైజ్ చేశారు.

జపాన్‌తో మనకి ఇంకో లింకు కూడా ఉంది. జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్యగారిది మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రు. పత్తి మీద పరిశోధన చేసినందుకు ఆయన్ని "పత్తి వెంకయ్య" అన్నారు. 1913లో బాపట్లలో జపనీస్ భాషలో ప్రసంగించినందుకు "జపాన్ వెంకయ్య" అన్నారు. 1921లో బెజవాడలో ఆయన గాంధీగారికి జెండా చూపించారు. ఆ తర్వాత జెండా బట్ట అంటే చేతితో వడికి, చేతితో నేసిన ఖాదీయే అయింది. 2021 డిసెంబర్‌లో జెండా కోడ్ మార్చి మిషన్ మీద చేసిన పాలిస్టర్ జెండాలకి కూడా పర్మిషన్ ఇచ్చారు. జెండా సంగతే ఇలా ఉంటే పంచె సంగతి చెప్పాలా?

కిమోనో ఎలా ఓడిపోయింది?

ఇవాళ మనం కిమోనో అనుకునేదానికి పూర్వరూపం "కొసొదె". అంటే చిన్న చేతులది. హెయాన్ కాలంలో (794–1185) రాజాస్థానంలోని ఆడవాళ్ళు పొరల మీద పొరలు వేసుకునేవాళ్ళు, కొసొదె వాళ్ళకి లోపలి బట్ట మాత్రమే. కాలం గడిచేకొద్దీ పై పొరలు పోయి, లోపలి బట్టే పై బట్ట అయింది. అంటే కిమోనో పుట్టిందే సౌకర్యం కోసం. "మారకుండా ఉన్నది సంప్రదాయం" అనే మాట ఇక్కడే పడిపోతుంది.

ఎదో కాలంలో (1603–1868) వ్యాపారులు డబ్బున్నా పట్టు ఆడంబరం చూపించకూడదని ప్రభుత్వం పదేపదే ఆంక్షలు పెట్టింది. వాళ్ళేం చేశారు? పైకి సాదా రంగు, లోపలి లైనింగ్‌కి అదిరిపోయే బొమ్మలు! తర్వాత మెయిజీ ప్రభుత్వం 1872లో అధికారిక వేడుకలకి పడమటి దుస్తులు ఖాయం చేసింది. ఆఫీసు, సైన్యం, రైల్వే, స్కూలు అన్నీ ఒక్కొక్కటిగా ప్యాంటులోకి మారాయి. ఆడవాళ్ళు ఇంకొన్నాళ్ళు కిమోనోలోనే ఉన్నా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళూ మారారు.

అక్కడితో అయిపోలేదు. నా ఉద్దేశంలో అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. రోజూ కట్టుకోవడం మానేశాక కిమోనోని "గౌరవంగా" కాపాడాలనుకున్నారు. ఏ వయసుకి ఏ చేతి పొడవు, పెళ్ళైనవాళ్ళకి ఏది, ఏ నెలకి ఏ పువ్వు, ఏ వేడుకకి ఏ ఒబి, ఇలా రూల్స్ పేరుకుపోయాయి. కట్టుకోవడం నేర్పే స్కూళ్ళు వచ్చాయి, సర్టిఫికెట్లు వచ్చాయి. ధరలు ఆకాశంలోకి వెళ్ళాయి. ఇవాళ జనవరి రెండో సోమవారం జరిగే యుక్తవయసు వేడుకకి చాలామంది అమ్మాయిలు కిమోనో అద్దెకి తెచ్చుకుని, పొద్దున్నే సెలూన్‌లో కట్టించుకుంటారు. తప్పు కడితే ఎవరేమంటారో అన్న భయం. భయం ఉన్నచోట వాడకం ఉండదు.

మరి జపాన్ కుర్రకారు సరదాగా వేసుకునేది ఏంటి? "యుకతా". ఒకప్పుడు స్నానాల దగ్గర వేసుకున్న నూలు బట్ట. చవక, ఉతుక్కోవచ్చు, రూల్స్ తక్కువ. ఎండాకాలం జాతర్లలో, బాణసంచా చూడ్డానికి వెళ్ళేటప్పుడు వేసుకుంటారు. అంటే ఖరీదైన పట్టు కిమోనో బీరువాలో ఉంది, స్నానాల గది బట్ట వీధిలో ఉంది. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇప్పుడు మన సంగతి

మన యుకతా ఏది? లుంగీ, నూలు పంచె, నేత చీర, కాటన్ పరికిణీ. మన ఖరీదైన కిమోనో ఏది? పట్టుపంచె, కంచిపట్టు చీర. ట్రెడిషనల్ డే అనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తుంది? అబ్బాయిలకి మెరిసే పట్టులాంటి పంచె, అమ్మాయిలకి పట్టు చీర, బ్యూటీషియన్, ఫొటోషూట్. కొనలేనివాళ్ళు అద్దెకి తెస్తారు, అదీ కుదరనివాళ్ళు ఆరోజు కాలేజీకే రారు. మిగతా రోజుల్లో? డ్రెస్ కోడ్ ఉన్న చాలా కాలేజీల్లో లాగే షర్టు, ప్యాంటు, షూ. అంటే 364 రోజులు మన బట్ట "నీట్‌గా లేనిది", ఒక్కరోజు మాత్రం "మన సంస్కృతి". ఇది మర్యాదా, మొక్కుబడా?

ఇక్కడ వెల్‌క్రో పంచె గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. పెద్దవాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. నేను నవ్వను. జపాన్‌లో కూడా ముందే ముడి వేసి పెట్టిన ఒబి అమ్ముతారు, రెండు ముక్కలుగా కుట్టిన కిమోనో అమ్ముతారు. కట్టడం రానివాడు వెల్‌క్రోతో మొదలుపెడితే తప్పేం లేదు. నా అభ్యంతరం వెల్‌క్రో మీద కాదు, ఆ పంచె బట్ట మీద. అది పాలిస్టర్. దానిమీద "కలంకారీ ప్రింట్" అని రాసి ఉంటుంది, కానీ ఆ బట్ట ఏ నేతగాడి మగ్గాన్నీ, ఏ అద్దకంవాడి అచ్చునీ చూడలేదు. పోయిన ఏడాది మా క్లాసులో కుర్తాలకి ఒకేసారి బల్క్ ఆర్డర్ పెట్టారు. రెండు ఉతుకులకి నెమలి రంగు బక్కెట్లో కలిసిపోయింది. నాలుగు శతాబ్దాల కిందట ఉతికినా పోని రంగుకి పేరు తెచ్చుకున్న జిల్లా పిల్లలం మనం!

దీనివల్ల నష్టపోయేది ఎవరు? 2019–20 చేనేత జనాభా లెక్కల ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనివాళ్ళు 35 లక్షల మందికి పైనే. నేత కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతులకి నెలకి అయిదు వేల రూపాయల ఆదాయం కూడా లేదు. మన ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ తక్కువని గోల పెడతాం కదా, ఆ అయిదు వేలలో ఒక కుటుంబం మొత్తం పని ఉంది: ఒకరు నేస్తే, మిగతావాళ్ళు నూలు చుడతారు, పడుగు సరిచేస్తారు. 1985లో వచ్చిన చట్టం ప్రకారం కొన్ని రకాల చీరలు, ధోవతులు, లుంగీలు, తువ్వాళ్ళు చేనేతకే రిజర్వ్. మరమగ్గం మీద వాటిని నేయకూడదు. కానీ మార్కెట్‌కి వెళ్ళి చూడండి.

"టెక్నాలజీ వస్తే పాతది పోవాల్సిందే" అని మనలాంటి టెకీలు అంటారు. ఈ ప్రశ్నకి కూడా జపాన్‌లోనే ఒక కథ ఉంది. సకిచి తొయోదా అనే వడ్రంగి కొడుకు, తల్లి మగ్గం మీద పడే కష్టం చూసి మెరుగైన చేతిమగ్గం తయారుచేసి 1891లో పేటెంట్ తీసుకున్నాడు. పోగు తెగితే తనంతట తానే ఆగిపోయే ఆటోమేటిక్ మగ్గం 1924లో వచ్చింది. ఆ మగ్గాల కంపెనీలోంచి పుట్టిందే టొయోటా కార్ల కంపెనీ. అంతకుముందే, 1872లో, క్యోటోలోని నిషిజిన్ నేతగాళ్ళు ముగ్గురు ఫ్రాన్స్ వెళ్ళి జాకార్డ్ మగ్గం తెచ్చుకున్నారు. రంధ్రాల అట్టలతో డిజైన్ నడిపే ఆ జాకార్డ్ ఐడియానే తర్వాత కంప్యూటర్ పంచ్ కార్డులకి దారి చూపింది. అంటే మన సీఎస్ఈ బ్రాంచి కూడా ఏదో ఒక లెక్కలో మగ్గం గుంటలోంచి వచ్చిందే! నిషిజిన్‌లో ఇవాళ్టికీ నేత బతికి ఉంది. అక్కడ టెక్నాలజీ నేతగాడి చేతికి వచ్చింది. ఇక్కడ మనం టెక్నాలజీతో అతని డిజైన్ స్కాన్ చేసి, పాలిస్టర్ మీద ప్రింట్ కొట్టి, అతని పేరుతోనే అమ్ముతున్నాం. సమస్య మిషన్ కాదు, ఆ మోసం.

ఒక గట్టి అభ్యంతరం

ఇది చదివి ఒకరు అడగొచ్చు: "సంప్రదాయం అంటావు, ఆ సంప్రదాయంలో అందరికీ పంచె కట్టే హక్కు ఉందా?" న్యాయమైన ప్రశ్న. మన పల్లెల్లో ఎవరు మోకాలి కిందకి పంచె కట్టాలి, ఎవరు కండువా భుజం మీంచి తీసి చంకలో పెట్టుకోవాలి అనేది కులం నిర్ణయించిన రోజులున్నాయి. విజయవాడలో 2024 జనవరిలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం చూడండి. ఆయన సూటులో నిలబడి ఉన్నారు. ఆ సూటుకి అర్థం ఉంది. చాలా కుటుంబాలకి ప్యాంటు, షర్టు అంటే ఫ్యాషన్ కాదు, తలెత్తుకోవడం. కాబట్టి "అందరూ పంచె కట్టాలి" అని రూల్ పెట్టేవాళ్ళతో నేను లేను. రూల్ పెట్టి బట్టని బతికించలేమని కిమోనో కథే చెప్తోంది. ఇష్టమైనవాళ్ళు, ఏ కులంవాళ్ళైనా, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, భయం లేకుండా, ఖర్చు లేకుండా కట్టుకోగలగాలి. నేను అడిగేది అంతే.

నేను అడిగేవి మూడే

ఒకటి. ట్రెడిషనల్ డే పోస్టర్ మీద "పట్టు" అనే మాట తీసేద్దాం. నూలు పంచె, లుంగీ, నేత చీర, చేనేత చొక్కా అన్నీ ఓకే అని రాద్దాం. ప్యాంటు మీద నేత కండువా వేసుకొచ్చినా ఓకే. "బెస్ట్ డ్రెస్" ప్రైజు ఖరీదుకి కాదు, "ఈ బట్ట ఎవరు, ఎక్కడ, ఎలా చేశారో" రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పగలిగినవాళ్ళకి ఇద్దాం.

రెండు. ఆ ఏడాదికి క్లాసు మొత్తానికి కొనే బట్ట ఏదైనా, నేత సహకార సంఘం నుంచో, ఆప్కో షాపు నుంచో, పెడన అద్దకంవాళ్ళ దగ్గర నుంచో తెద్దాం. అరవైమందికి ఒకేసారి ఆర్డర్ ఇస్తే ధర మాట్లాడుకోవచ్చు. చేనేతైతే హ్యాండ్‌లూమ్ మార్క్ చూడండి. అచ్చు అద్దకమైతే అంచుల దగ్గర డిజైన్ కలిసేచోట చూడండి. చేతితో కొట్టిన అచ్చు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పుతుంది. ఆ తప్పే దాని సంతకం.

మూడు. ఏడాదికి ఒక్కరోజు కాకుండా నెలకి ఒక శనివారం చేనేత ఏదైనా వేసుకోవచ్చని డ్రెస్ కోడ్‌లో ఒక లైన్ చేర్చమని అడుగుదాం. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన తేదీ అని 2015 నుంచి జరుపుతున్నారు. ఆరోజు స్టేజీ మీద గెస్ట్ లెక్చర్ బదులు, ఒక నేతగాడిని పిలిచి పంచె కట్టడం, నేత గుర్తుపట్టడం నేర్పించమందాం. ఆయనకి గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చేంతే ఇద్దాం.

ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వచ్చే క్లబ్ మీటింగ్‌కి తెస్తున్నాను. ఒప్పుకునేవాళ్ళు సంతకం పెట్టండి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో రాయండి, తర్వాతి సంచికలో వేసుకుందాం. లుంగీ వేసుకుని వచ్చినా లోపలికి రానిస్తాం.